దంతం కొన్నదెవరు?

వీరప్పన్ మీద వచ్చిన చిత్రాల్లో మన తెలుగువారికి బాగా తెలిసింది రాంగోపాల్ వర్మ 'కిల్లింగ్ వీరప్పన్' (2016). కన్నడంలో తీసి తెలుగులోకీ తెచ్చారు. పోలీసులు పన్నిన వల, ఎదురుచూపులు, 2004 అక్టోబరు 18న ధర్మపురి జిల్లా పాపారపట్టి దగ్గర ముగిసిన వేట: ఉత్కంఠకు లోటు లేదు. కానీ ఆ ముఠాకు తుపాకులు, తిండి, కబుర్లు మోసేవారి కూలి ఎక్కణ్ణుంచి వచ్చాయన్న ప్రశ్న ప్రేక్షకుడికి మిగిలిపోతుంది.

జవాబు అందరికీ తెలిసిందే. మొదట ఏనుగు దంతం, తర్వాత గంధపు చెక్క, ఆపైన మనుషుల అపహరణ. అడవిలో దంతానికి విలువ లేదు. దూరాన కొనేవాడు ఉంటేనే దానికి ధర. మన ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే గనుక వేట ముదిరిన చోట మగ ఏనుగులు అరుదైపోయాయి. 1986లో దేశంలో ఈ వ్యాపారాన్ని నిషేధించినా కొనేవారు మిగిలారు.

పద్దు రాసేవాడికి ఖర్చు కనిపిస్తే చాలదు, జమ ఎక్కడిదో తెలియాలి. వర్మ తూటాలూ శవాలూ చూపించారు. అంటే ఖర్చు చూపించారు. జమ వైపు నిలబడ్డ షావుకారు కథకు కేంద్రం కాలేదు. 2023లో వచ్చిన 'ది హంట్ ఫర్ వీరప్పన్' పోలీసుల చేతుల్లో నలిగిన పల్లెవాసుల గోడు కూడా వినిపించింది. అది మేలే. అయినా దాని పేరులోనూ వేటే ఉంది.

2000 జూలై 30న గాజనూరు నుంచి రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయి 108 రోజులు ఉంచుకున్నారు. అప్పటికి తమిళ జాతీయవాద సాయుధులు ముఠాతో కలిశారు. కోర్కెల్లో కావేరి నీళ్లు, ఖైదీల విడుదల చేరాయి. ఈ వరస ముఖ్యం. రాజకీయం ఆ ముఠాను పుట్టించలేదు. దంతం, గంధం సొమ్ముతో నిలబడ్డ ముఠా పంచన అది తర్వాత చేరింది.

మా బ్రూక్‌ఫీల్డ్ తెలుగు మిత్రుల్లో వీరప్పన్ మీసం ఎరగనివారు లేరు. రాజమండ్రిలో పుట్టిన అటవీ అధికారి పి. శ్రీనివాస్ ఎవరంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వీరప్పన్ పుట్టిన గోపీనాథంలోనే మంచినీళ్లు, వైద్యం, గుడి సమకూర్చి, ముఠా మనుషులను లొంగుబాటుకు ఒప్పించిన వ్యక్తి ఆయన. లొంగిపోతానన్న కబురు నమ్మి వెళ్లి 1991 నవంబరు 10న హతులయ్యారు. మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. ముఠాకు మనుషులు దొరికే దారిని మూయబోయిన ఈ మనిషిని కథానాయకుడిగా మన దర్శకులెవరూ ఎంచుకోకపోవడం విచారకరం.

ఇకముందు ఈ కథ తీసేవారు కెమెరాను దంతం వెంట నడిపించాలి. అది అడవి దాటి ఎవరి చేతులు మారి ఎవరి ఇంటి అద్దాల బీరువాలోకి చేరిందో చూపించాలి.