విజయవాడ ఆకాశవాణి: కార్యక్రమ స్వరూప పరిణామము

మదరాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రసారముల నారంభించిన పిదప, ఒకే కేంద్రము వేళలను తమిళముతో పంచుకొనుచు వచ్చిన తెలుగుకు, 1948 డిసెంబరు 1న విజయవాడలో ప్రత్యేక కేంద్రము నెలకొనుటతో, తెలుగుశ్రోత దినచర్య ననుసరించి కార్యక్రమములను కూర్చుకొను స్వాతంత్ర్యము లభించెను. వేళను బట్టి, ఆ వేళ వినువాని స్థితిని బట్టి ప్రక్రియను రూపొందించుటయే ఆ కేంద్రము సాధించిన విద్యయని నేను భావింతును.

ప్రభాతగాన కార్యక్రమమైన ‘భక్తిరంజని’ యిందుకు ప్రథమోదాహరణము. సభలో గాయకుని యెదుట కూర్చుండు రసికునకు రాగవిస్తారము కావలెను. తెల్లవారుజామున పాలు పితుకుచు, వాకిలి యూడ్చుచు వినువారి మనస్సునకు సాహిత్యము స్పష్టముగా తెలియునట్టి సరళగానము కావలెను. ఈ భేదము నెఱిగిన బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రభృతులు స్తోత్రములను, సంకీర్తనలను, తత్త్వములను మితమైన వాద్యసహకారముతో కూర్చి, ప్రభాతమునకు తగిన సంగీతరూపమును కల్పించిరి.

నాటకమున మార్పు మఱింత కఠినమైనది. చివరి వరుసవఱకు పద్యము వినిపించుటకు కంఠమెత్తి, ‘వన్స్ మోర్’ కొఱకు రాగము సాగదీసిన రంగస్థలనటునకు మైకు సంయమమును నేర్పెను. మైకునకు చేరువగా మెల్లగా పలికినది స్వగతమగును. వెనుకకు జరుగుచు పలికినది నిష్క్రమణమగును. రెండు మాటల నడుమ విడిచిన క్షణకాల నిశ్శబ్దము, తెరయు దీపములును చేయవలసిన పనిని తానే నిర్వహించును. కన్ను లేని యీ నాటకము, పద్యమునకు దాస్యము చేయుచుండిన తెలుగు సంభాషణకు సహజమైన ఊపిరి నిచ్చెనని నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు పురాణశ్రవణమునకు నూతనస్వరూప మొసగిరి. రామాయణ భారతములను వారు చెప్పిన తీరులో శ్లోకవ్యాఖ్యానపు బరువు లేదు. గంభీరమైన కంఠము, పొట్టివాక్యములు, సూటిపలుకు కలవు. వారి ‘ధర్మసందేహములు’ కార్యక్రమము శ్రోతల ఉత్తరములపైననే నడిచినది. ఏ పల్లెనుండియో వచ్చిన కార్డులోని ప్రశ్న ఆ వారపు ప్రసంగమునకు విషయమగుట వలన, అంతవఱకు వినుటకే పరిమితుడైన శ్రోత కార్యక్రమకర్తలలో నొకడయ్యెను. నాకు తోచినంతలో, ప్రక్రియాపరిణామమున నింతకంటె గొప్ప ముందడుగు లేదు.

1957లో వివిధభారతి అవతరించెను, 1967లో వాణిజ్యప్రకటనలు ప్రవేశించెను, అనంతరము ఎఫ్.ఎం. వచ్చెను. చలనచిత్రగీతములు వేళలను ఆక్రమించినవని కొందఱు నిందింతురు గాని, కోరినవారి పేర్లను, ఊళ్లను చదివి పాట వినిపించుటలో శ్రోతకు దక్కిన గౌరవము తక్కువది కాదు. నేటి ఫోను సంభాషణ నాటి ఉత్తరమునకు వారసురాలే. అయినను, వ్రాసి, బిగ్గరగా చదివి, చెవికి కటువైన సమాసమును తొలగించి, మరల దిద్దుకొన్న పదునైదు నిమిషముల ప్రసంగము చేయగల పని తత్క్షణసంభాషణకు సాధ్యము కాదు గనుక, ఎఫ్.ఎం. కేంద్రముల సాయంకాలపు పట్టికలలో, పాటల నడుమనైనను సరే, అట్టి ప్రసంగమునకు నియతమైన వేళ నొకదానిని కేటాయింపవలెను.