కొండ లేని నేలలో కొలువు

కొమీన్, ఇరుగుపొరుగు కూడిన సభా! ఏ కొండ కొమ్మున వెలిశావమ్మా నువ్వు? ఏ కొండా కాదు. నీకు గోపురం లేదు, గంట లేదు, గర్భగుడి చీకటి లేదు. కింద గోధుమ పండే నేల, పైన దుమ్ము కప్పుకున్న ఆకాశం, నడుమ మట్టిగోడల గది ఒకటి. గదిలో నేలంతా పరిచిన తివాచీ, గోడవారగా బారులు తీరిన దిండ్లు, నడుము సన్నని గాజుగ్లాసుల్లో నిప్పురంగు తేనీరు, గుమ్మం బయట గుట్టగా విడిచిన చెప్పులు. ఇదే నీ సన్నిధి, ఇదే నీ సింహాసనం, ఇదే నీ సామ్రాజ్యం. ముప్పై గడపలు కూడితే నువ్వు. రెండు వందల గడపలు కూడినా నువ్వే. రొట్టె గురించి నోరు విప్పితే నువ్వు, రోడ్డు గురించి గొంతు పెంచితే నువ్వు, డీజిల్ పంపకంలో తకరారు వస్తే తగువు పడేదీ నువ్వే, తగువు తీర్చేదీ నువ్వే.

నీ పుట్టింటివాళ్ళు కుర్దులు, కొండవాళ్ళు. జాగ్రోస్ కొండల జాడల్లో, తోరోస్ లోయల నీడల్లో, కందీల్ కనుమల మంచులో మసలినవాళ్ళు. కొండలు తప్ప తమకు నేస్తాలు లేరని సామెత కట్టుకున్నవాళ్ళు. ఆ కొండల్లో కౌజుపిట్ట కూస్తుంది. మంచు కరిగిన చెరియల మీద తలవంచిన తులిప్‌లు ఎర్రెర్రగా విచ్చుకుని, రేకుల మొదళ్ళ నుంచి తేనెబొట్లు రాలుస్తాయి. ఆ కొండల్లోనే, కథలు చెప్పే అవ్వల నాలుకల మీద, కావా అనే కమ్మరి ఇప్పటికీ సమ్మెట ఎత్తుతూనే ఉన్నాడు. భుజాల మీద పాములు మొలిచిన జహాక్ రాజు ఆ పాములకు పసివాళ్ళ మెదళ్ళు మేపుతుంటే, కడుపు మండిన కమ్మరి కొలిమి విడిచి కోటకెక్కి రాజును కూల్చి, ఆ కబురు చెప్పడానికి కొండ మీద మంట వేశాడట. ఆ మంటే ఏటేటా నౌరోజ్. మార్చి సాయంకాలం ఒక శిఖరం వెలిగితే పక్క శిఖరం బదులు పలుకుతుంది, దాని పక్కది అందుకుంటుంది, లోయ లోయంతా నిప్పుల హారం వేసుకుంటుంది. ఆ వెలుగులో చిటికెన వేళ్ళు పెనవేసుకుని, భుజానికి భుజం తాకించి, అడుగుకు అడుగు కలిపి గోవెంద్ ఆడతారు. పచ్చా ఎరుపూ పసుపూ పావడాలు గిర్రున తిరుగుతాయి. డోలు గుండెల్లో మోగుతుంది.

అయినా తల్లీ, కొండ దాచగలదు, కొలువు తీర్చలేదు. కొండ కాపాడగలదు, కాపురం పెట్టించలేదు. 1920లో సెవ్ర్ ఒప్పందం నీ వాళ్ళకు ఒక దేశం ఆశ చూపింది. 1923లో లొజాన్ ఒప్పందం ఆ ఊసే ఎత్తలేదు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా: ఒకే పాట నాలుగు చెరసాలల్లో నాలుగు చరణాలుగా పడి ఉండిపోయింది. 1946 జనవరిలో ఇరాన్‌లోని మహాబాద్ పట్టణపు నాలుగు దీపాల కూడలిలో ఒక గణతంత్రం వెలిగింది. ఏడాది నిండకుండానే ఆరింది. దాన్ని వెలిగించిన ఖాజీ మహమ్మద్‌ను 1947 మార్చి 31న అదే కూడలిలో ఉరి తీశారు. 1988 మార్చి 16న ఇరాక్‌లోని హలబ్జా మీద గాలే విషమై దిగింది. ఆపిల్ పండ్ల వాసన వచ్చిందని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు. నౌరోజ్‌కు ఇంకా ఐదు రోజులే ఉంది. మంటలకు కట్టెలు పేర్చుకోవలసిన ఊళ్ళో సుమారు 5,000 మంది గుమ్మాల్లో, వీధుల్లో, పసిపిల్లల మీద పడుకున్నట్టే పడి ఉన్నారు. దీన్ని ఇంకా చెప్పాలని లేదు. స్తుతిలో శోకానికి చోటుంది గానీ, శోకానికి అలంకారాలు తొడగడం నాకు చేతకాదు.

మాట కూడా నేరమైన కాలం ఒకటి గడిచింది. టర్కీలో 1983 నాటి చట్టం కుర్దు భాషను అచ్చులోంచి, పాటలోంచి తరిమింది. ఆ చట్టం 1991 దాకా బతికింది. అదే ఏడాది పార్లమెంటులో ప్రమాణం చేస్తూ లేలా జానా చివర ఒక్క వాక్యం తన తల్లిభాషలో పలికింది. సభ భగ్గుమంది. తర్వాత పదేళ్ళు జైల్లో గడిపింది. కాగితం మీద కాలు మోపనివ్వని భాష ఎక్కడ దాక్కుంటుంది? దెంగ్‌బేజ్‌ల గొంతుల్లో. వాద్యం లేదు, వేదిక లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి తెగేదాకా లాగిన రాగంలో యుద్ధాలను, ప్రేమలను, తప్పిపోయిన ఒంటెలను, తిరిగిరాని కొడుకులను దాచిపెట్టారు. దియార్‌బకిర్ నల్లరాతి కోటగోడలు విన్నాయి, టైగ్రిస్ ఒడ్డున హెవ్సెల్ తోటలు విన్నాయి. కొమీన్, నీ సభలో ఈనాడు ఒక ముసలామె లేచి రొట్టెల పొయ్యి గురించి ఫిర్యాదు చేస్తే ఆ దీర్ఘంలో, ఆ విరుపులో, ఆ ఊపిరిలో వాళ్ళందరి గొంతులూ నాకు వినిపిస్తాయి.

ఇక నీ సొంత నేల, ఉత్తర సిరియా మైదానం సంగతి. కొబానీకి కొండ లేదు. కమిష్లీకి కొండ లేదు. చూపు ఆగడానికి చెట్టు కూడా అరుదే. రైలు పట్టాలే సరిహద్దు: పట్టాలకు అటు ఒక దేశం, ఇటు ఒక దేశం, అటు మేనత్త, ఇటు మేనల్లుడు. ఈ మైదానంలోనే 1962లో ఒక్కరోజు జనాభా లెక్కతో సిరియా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది కుర్దుల పౌరసత్వం చెరిపేసింది. పొద్దున పౌరులు, సాయంత్రం పరాయివాళ్ళు. దాక్కోవడానికి గుహ లేని నేల, పారిపోవడానికి కనుమ లేని నేల. అక్కడ, 2012 జులై రాత్రి కొబానీలో సర్కారు కచేరీలు ఖాళీ అవగానే, నీ వాళ్ళు ఏం చేశారు? కూర్చున్నారు. ఒకరి వెనక ఒకరు కాదు, ఒకరికెదురుగా ఒకరు. గుండ్రంగా, గుంపుగా, గోలగా కూర్చున్నారు. కొండ లేనిచోట మనుషులే కొండ కట్టారు. ఆ కొండకు శిఖరం లేదు, అందుకే దాన్ని ఎక్కి ఎవరూ జెండా పాతలేరు. అది నువ్వు!

నీ జాతకం కూడా విచిత్రమే. వెర్మాంట్‌లో ఒక ముసలి అమెరికన్, మర్రే బుక్‌చిన్, ఊరివాళ్ళు ఊరి సభలో కూర్చుని ఊరిని ఏలుకోవాలని ఏళ్ళ తరబడి రాశాడు. తన దేశంలో పెద్దగా విన్నవాళ్ళు లేరు. ఆ పుస్తకాలు సముద్రాలు దాటి, మర్మరా సముద్రంలో ఇమ్రాలి దీవి జైలు చేరాయి. 1999 నుంచి అక్కడ బందీగా ఉన్న కుర్దు నాయకుడు అబ్దుల్లా ఓజలాన్ వాటిని చదివాడు. దేశం కావాలని తుపాకీ పట్టిన మనిషి, దేశమే అక్కరలేని స్వపరిపాలన ఒకటుందని 2005లో ప్రకటించాడు. పైనుంచి ఏలే పద్ధతి వద్దని పైనుంచి వచ్చిన ఆదేశం! నీ గదుల గోడల మీద ఆ ఒక్కడి పటమే వేలాడుతుంటే నాకు నవ్వూ వస్తుంది, నసా పుడుతుంది. కానీ పటం కింద కూర్చున్న వాళ్ళు పటం వైపు చూడటం లేదు. విద్యుత్ జనరేటరు ఎవరి ఇంటి ముందు పెట్టాలో తేలక ఒకరి మీదొకరు లేస్తున్నారు. అక్కడే నా భక్తి మళ్ళీ మొదలవుతుంది.

ఓ రెండు కుర్చీల రాణీ! నీ కొలువులో ఏ పదవికైనా ఇద్దరు: ఒక ఆమె, ఒక అతను. మన పల్లెల రచ్చబండ గుర్తొచ్చి మురిసిపోబోతాను. ఆ బండ మీద ఆడవాళ్ళను కూర్చోనిచ్చిన ఊళ్ళెన్ని అని మనసే అడ్డుపడుతుంది. నీ దగ్గర ఆమె చెయ్యెత్తకపోతే తీర్మానం కదలదు. నీ వీధి చివర మహిళల ఇల్లు ఒకటి ఉంటుంది. దెబ్బలు తిన్నామె, తప్పిపోయి వచ్చిన పిల్ల, మనువు వద్దని పారిపోయి వచ్చిన పదిహేనేళ్ళది, ఎవరొచ్చినా ముందు తేనీరు, తర్వాత మాట. 2014 నాటి నీ శాసనం బాల్యవివాహం వద్దంది, బలవంతపు మనువు వద్దంది, ఒక మగాడికి ఇద్దరు భార్యలు వద్దంది, ఆస్తిలో కూతురికీ కొడుక్కీ ఒకటే వాటా అంది. పిండి కలిపిన చేతులు తీర్మానం రాశాయి, ఊయల ఊపిన చేతులు పహరా కాశాయి, తందూరులో వేళ్ళు కాల్చుకున్న చేతులు తుపాకీ తుడిచాయి. 2018లో దిర్బేసియే దగ్గర ఆడవాళ్ళు మట్టి పిసికి, ఇటుకలు ఎండబెట్టి, ఒక ఊరే కట్టుకున్నారు. జిన్‌వార్ దాని పేరు. ఆ ఊళ్ళో బడి వాళ్ళదే, తోట వాళ్ళదే, తాళంచెవి వాళ్ళదే. నీ వీధుల్లో ఎన్నో ఏళ్ళుగా పలుకుతున్న మూడు మాటలు, "జిన్, జియాన్, ఆజాదీ", స్త్రీ, జీవితం, స్వేచ్ఛ, 2022 సెప్టెంబరులో సరిహద్దులు దాటి ఇరాన్‌లోని సకేజ్ శ్మశానంలో, పోలీసుల చెరలో చనిపోయిన జీనా అమీని సమాధి దగ్గర పిడికిళ్ళెత్తాయి. అక్కడి నుంచి టెహ్రాన్ దాకా తలముసుగులు గాలిలో ఎగిరాయి.

నల్లజెండాల ఇస్లామిక్ స్టేట్ వాళ్ళు వచ్చినప్పుడు నువ్వు ఎంత పసిదానివి! 2014 ఆగస్టులో వాళ్ళు ఇరాక్‌లోని సింజార్ మీద పడితే అక్కడి యెజీదీ మతస్థులు కొండెక్కారు. కొండ దాచింది గానీ గుక్కెడు నీళ్ళివ్వలేకపోయింది. ఎండకు నాలుకలు పిడచకట్టుకుపోయిన వాళ్ళకు దారి తెరిచింది మైదానం నుంచి వెళ్ళిన నీ బిడ్డలే. మరుసటి నెలలోనే కొబానీ వంతు. మూడు వైపులా ఇస్లామిక్ స్టేట్, నాలుగో వైపు మూసిన టర్కీ సరిహద్దు. ఆ సరిహద్దుకు అటు సొంత మనుషులే బారులు తీరి, మంటలు చూస్తూ, చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. ఊరికున్న ఒకే గుట్ట మిష్తెనూర్. అక్టోబరులో దాని ఒడిలో అరీన్ మిర్కాన్ తన ఒంటినే పేలుడుగా చేసుకుంది. వీధి వీధికీ, గోడ గోడకూ, గది గదికీ యుద్ధం. ఆకాశం నుంచి అమెరికా విమానాలు బాంబులు కురిపించిన మాట నిజమే. నేల మీద ఒక్కో గుమ్మాన్నీ పట్టుకుని నిలిచినవాళ్ళు నీ వాళ్ళే అన్నదీ అంతే నిజం. 2015 జనవరి చివర ఊరు విడుదలైంది. ఊరంటే ఇక రాళ్ళగుట్ట. ఆ రాళ్ళ మీద పూలరుమాళ్ళు కట్టుకున్న ఆడపిల్లలు గోవెంద్ ఆడారు!

నిన్ను కొలుస్తూ కళ్ళు మూసుకోలేను. నీ పేరు చెప్పి పక్క పార్టీల కార్యకర్తలను జైళ్ళలో పెట్టారు. మీసం మొలవని పిల్లల చేతికి తుపాకీ ఇచ్చారు. ఇది ఇక జరగనివ్వమని 2019లో నీ సేనాని మజ్లూమ్ అబ్దీ జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఎదుట సంతకం పెట్టవలసి వచ్చింది. తమ ఊళ్ళో నీ మాట కంటే నీ సైనికుడి మాటే ఎక్కువగా చెల్లిందని అరబ్బు రైతులు గొణిగారు. గొణుగుడు నిన్ను చిన్నబుచ్చదు. వినే చోటుగా పుట్టావు గనుక, విను. నీ అందం మచ్చలేనితనంలో లేదు తల్లీ, మచ్చను నీ ముఖం మీదే చూపించి అడిగే హక్కు పొరుగింటి వాడికి ఉండటంలో ఉంది.

పోగొట్టుకున్నవెన్ని! 2018 మార్చిలో అఫ్రిన్ పోయింది. ఆ సీమకు కొండలుండేవి, కొండల నిండా ఆలివ్ తోటలుండేవి, వెండి ఆకులు గాలికి గలగలలాడేవి. ఆ దండయాత్రకు టర్కీ పెట్టుకున్న పేరు కూడా ఆలివ్ కొమ్మే! తాతలు నాటిన చెట్ల కింద నుంచి జనం పరుపులు నెత్తిన పెట్టుకుని నడిచారు. చేరిన గుడారాల శిబిరాల్లో ఏం చేశారు? మళ్ళీ నిన్నే కూర్చోబెట్టారు. వరుసకొక సభ, సభకొక ఆమె, ఒక అతను. 2019 అక్టోబరులో సెరేకానియే పోయింది. నడిరోడ్డు మీద రాజకీయ నాయకురాలు హెవ్రిన్ ఖలఫ్‌ను చంపారు. అరబ్బులతో, సిరియాక్‌లతో, కుర్దులతో ఒకే తివాచీ మీద ముచ్చటించిన మనిషి ఆమె. నీ చుట్టూ గీసిన గీతలు చెరిపినవాళ్ళున్నారు, చెరపబోయేవాళ్ళూ ఉంటారు. నువ్వు భూపటం మీద గీత కావు గనుక వాళ్ళ రబ్బరు నీదాకా రాదు.

కావా వేసిన మంట కూడా కొత్త తిండి తిన్నది. 2025 జులై 11న ఇరాక్‌లోని సులేమానియా దగ్గర, ఒక గుహ ముందు, ఓజలాన్ పార్టీకి చెందిన ముప్పై మంది గెరిల్లాలు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, కొండ దిగి వరుసగా నడిచి వచ్చి, తమ తుపాకులను ఒక పెద్ద కొప్పెరలో పేర్చి నిప్పంటించారు. 40 ఏళ్ళ యుద్ధం చిటపటలాడింది. కట్టె కాలింది, ఇనుము ఎర్రబడింది, చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులతో కొండ దిగినవాళ్ళు ఎక్కడికి వస్తారు కొమీన్, నీ దగ్గరికి కాకపోతే? తివాచీ కాస్త జరిపి వాళ్ళకూ చోటివ్వు. చెప్పులు విడిచి రమ్మను. కొండల మీద ఆజ్ఞలకు అలవాటు పడ్డ చెవులు అవి, నీ గోలకు అలవాటు పడేదాకా ఓపిక పట్టు.

లే మరి, పొద్దెక్కింది, సభ మొదలుపెట్టు! అలూక్ నీటి కేంద్రం చేజారిన నాటి నుంచి హసకా వీధులు ఎన్ని వేసవులు ఖాళీ బిందెలతో ట్యాంకర్ల కోసం కాచుకున్నాయో నీకు తెలుసు. ఇవాళా వచ్చేది ఒకే ట్యాంకరు, వీధులు అయిదు. మూడో సందులో బాలింత ఉంది, ముందు అటు పంపాలంటోంది ఒకామె. బేకరీ వీధికి నాలుగు రోజులైంది, పిండి కలపడానికి చుక్క లేదంటున్నాడు ఒకాయన. అరబీలో ఒక ఆక్షేపణ, సిరియాక్‌లో ఒక సవరణ, కుర్మాంజీలో ఒక కేక. అధ్యక్షురాలు తేనీటి గ్లాసు కింద పెట్టి, రుమాలు సవరించుకుని, గొంతు పెంచింది: "ఒక్కొక్కరే మాట్లాడండి! మీ వంతూ వస్తుంది మామా, ముందు ఆమెను పూర్తి చెయ్యనివ్వండి!"