సూదిమొన – శ్రుతిశుద్ధి

గ్రామఫోను కాలము చెల్లిపోయినదని ఇరువది సంవత్సరముల క్రిందట తలచినవారు నేడు తమ యభిప్రాయమును మార్చుకొనవలసి వచ్చుచున్నది. 2020లో అమెరికాలో ప్లేట్ల విక్రయమువలన వచ్చిన రాబడి సీడీల రాబడిని మించినది. 1980ల తరువాత అట్లు జరుగుట అదియే ప్రథమము. మన నగరములలో సైతము అటకమీదినుండి దించిన ప్లేట్లను తుడిచి మరల వినువారు కనబడుచున్నారు. వారితోపాటు ఒక పాత సంభాషణయు తిరిగి వచ్చినది. నీ టర్నుటేబిలు ఏది? దానికి తగిలించిన కార్ట్రిడ్జి ఏది? భుజము మార్చితివా? మార్చిన పిదప ఏమి వినబడినది? ఇద్దరు హైఫై ప్రియులు కలసికొన్నచో రాగము మాట తరువాత, యంత్రము మాట ముందు. ఈ వ్యాసమున నేను విమర్శింప దలచినది ఆ సంభాషణనే. దానిని పరిహసించుట నా యుద్దేశము కాదు. అదియును ఒక విధమైన విమర్శయే. కాని విమర్శకు ప్రాణమువంటి అంగమొకటి దానియందు లోపించినది.

ముందుగా వారి పక్షమున చెప్పవలసినది చెప్పెదను. ప్లేటుమీది గాడి చుట్టలు చుట్టుకొని లోపలికి సాగు సన్నని గీత. వజ్రపు సూది దాని ఇరుగోడల వంపులను అనుసరించి కదలును. ఆ కదలికను కార్ట్రిడ్జి విద్యుత్తుగా మార్చును. జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. కొరకు 1960ల తొలినాళ్ళలో రూపొంది, నేటికిని వాడుకలో నున్న డెనాన్ డి.ఎల్. 103 అను కార్ట్రిడ్జి ఇచ్చునది సుమారు 0.3 మిల్లీవోల్టు మాత్రమే. ఇంత స్వల్పమైన దానిని వేలరెట్లు పెంచి మనము వినుచున్నాము. కావున మోటారు వణకు, నేలపై అడుగుల చప్పుడు, భుజపు కీలునందలి రాపిడి, అన్నియు పాటతోపాటు పెరిగి చెవిని చేరును. యంత్రము మారిన ధ్వని మారునన్న మాట భ్రమ కాదు. తంబుర మెట్టుక్రింద నూలుపోగు వెంట్రుకవాసి జరిపిన నాదము మారుట ఎరిగిన జాతికి ఈ విషయమును వేరుగ బోధింపనక్కరలేదు.

ఏది ముందు మార్చవలెనన్న చోటనే వివాదము. దీనికి చరిత్ర కలదు. 1950లలో ఇంగ్లండున గ్యారార్డు 301, స్విట్జర్లండున థోరెన్స్ టి.డి. 124 పేరుగన్నవి. వీనియందు మోటారు బలము రబ్బరు చక్రముద్వారా పళ్ళెరమునకు చేరును. బరువైన, దిట్టమైన పనితనము. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ చౌకయైన యంత్రమొకటి తెచ్చెను. రబ్బరు పట్టీతో త్రిప్పబడు పళ్ళెరమును, భుజమును ఒకే చట్రముపై నుంచి, ఆ చట్రమును స్ప్రింగులపై నిలిపినందున బయటి అదరు సూదిని చేరదయ్యెను. ఇదే విల్చర్ 1954లోనే చిన్న పెట్టెనుండి లోతైన మంద్రధ్వనిని పలికించు స్పీకరును నిర్మించిన వాడగుట గమనింపదగినది. స్పీకరే ప్రధానమను వాదమునకు ఆయన కృషి పెద్ద బలము. 1970ల ఆరంభమున స్కాట్లండునుండి లిన్ వారి ఎల్.పి. 12 వెలువడినది. దాని పక్షమువారు ఆ వాదమును తలక్రిందులు చేసిరి. గాడినుండి సూది తీయలేకపోయిన దానిని తరువాతి యంత్రమేదియు తిరిగి తేజాలదు. కావున ధనమంతయు మొదట టర్నుటేబిలుపైననే వెచ్చింపుడనిరి. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదుగదా!

తర్కము చక్కనిదే. అయినను ఆ తర్కము ఎక్కడ ఆగవలెనో ఆ పక్షమువారు చెప్పలేదు. పోయినది తిరిగి రాదనుట నిజము. పోవుచున్నది ఎంత అన్న ప్రశ్నకు అది సమాధానము కాదు. అరిగిన సూదితో వినుచు బంగారు తీగలు కొనువాడు ఈ తర్కమును ఎరుగనివాడు కాడు. దానిని తనకు అనుకూలమైనంతవరకే అనుసరించినవాడు. నా దృష్టిలో క్రమము ఇది: సూది శుభ్రముగ, అరుగక యుండుట, వేగము సరిగ నుండుట, కార్ట్రిడ్జి గాడికి సరియైన కోణమున నిలుచుట, అటుపిమ్మట స్పీకర్లు, తుట్టతుదకు తీగలు. ఇందు మొదటి మూడును బహుస్వల్ప వ్యయసాధ్యములు. అందుచేతనే కాబోలు సంభాషణలో వానికి గౌరవము తక్కువ.

ఇక వారి పరిభాష. ధ్వని వెచ్చగ నున్నదందురు, గాలి యాడుచున్నదందురు, వేదిక వెడల్పయినదందురు. ఈ మాటలను చూచి నవ్వువారితో నేను ఏకీభవింపను. మన యాలంకారికులు కవిత్వమునకు ద్రాక్షాపాకమనియు, నారికేళపాకమనియు పేర్లు పెట్టలేదా? చెవికి తోచినదానిని నాలుకకు తోచిన దానితో పోల్చుట అనాదిగా వచ్చుచున్నదే. కాని వారు పాకమును నిర్ణయించునపుడు పద్యమును ఎదుట నుంచిరి. చదువరి ఆ పద్యమును తానును చదివి, కాదనవచ్చును. హైఫై సంభాషణలో ఆ పద్యము లేదు. ఒకడు ఒక ప్లేటు విని ఒక యంత్రమును పొగడును. వేరొకడు వేరొక ప్లేటు విని వేరొక యంత్రమును పొగడును. ఇరువురికిని ఉమ్మడియైన మూలము లేదు. నేను లోపించినదన్న అంగమిదియే.

ఉమ్మడి ప్లేటు ఉన్నను ఒక చిక్కు కలదు. రెండు కార్ట్రిడ్జిలు సమానమైన బలముతో ధ్వనింపవు. పైన చెప్పిన డెనాన్ 0.3 మిల్లీవోల్టు ఇచ్చుచుండగా, సామాన్యమైన అయస్కాంతపు కార్ట్రిడ్జి దానికి పదిరెట్లు, అంతకు పైగాను ఇచ్చును. ధ్వని ఏ కొంచెము బిగ్గరయైనను చెవికి అదియే మేలైనదిగా తోచును. మార్చిన పిదప ఆంప్లిఫయరు మీటను సరిజూడక ‘తెర తొలగినట్లున్నది’ అనువాడు కొనినది స్పష్టతయో, బిగ్గరతనమో ఎవరు చెప్పగలరు?

చెవి తీర్పు పేరును అనుసరించుననుటకు 2022లో ఒక గొప్ప నిదర్శనము దొరకినది. మొబైల్ ఫిడెలిటీ అను అమెరికా సంస్థ ముద్రించు ఖరీదైన ప్లేట్లు మూల టేపునుండి కంప్యూటరు ప్రమేయము లేక సిద్ధమగునవని ప్రియులు నమ్మియుండిరి. డిజిటల్ స్పర్శ యిసుమంత యున్నను తమ చెవి పట్టునని చెప్పుకొన్నవారే ఆ ప్లేట్లను ఆకాశమున కెత్తిరి. ఆ సంస్థ 2011 నుండియు మూల టేపునకు డిజిటల్ నకలు తీసికొని, దానినుండి అనేకములైన ప్లేట్లను తయారుచేయుచున్నదని ఆ సంవత్సరము జులైలో బయటపడినది. వ్యాజ్యములు నడచి, రెండున్నర కోట్ల డాలర్ల రాజీతో ముగిసినవి. డిజిటల్ ధ్వనియు ప్లేటు ధ్వనియు ఒకటేయని ఇందువలన తేలదు. ఆ ప్లేట్లు బాగుగనే యున్నవి. బాగున్నవన్న వారి తీర్పు తప్పు కాదు. ఎందుచేత బాగున్నవో వారు చెప్పిన కారణము మాత్రము అట్టమీది మాటనుండి వచ్చినది గాని, చెవినుండి వచ్చినది కాదు.

మరి మనకు ఉమ్మడి మూలమేది? పాశ్చాత్యులు తమ సింఫనీలతోను, జాజ్ సంగీతముతోను పరీక్షింతురు. అది వారి చెవికి తగినది. తెలుగువానికి ఇంటనే తగిన పరీక్ష కలదు. అది మన వర్ణమాల. శషసలు అను మూడక్షరములు గాడియందు అతివేగమైన సన్నని వంపులుగ చెక్కబడును. అరిగిన సూది, కోణము తప్పిన సూది మొట్టమొదట చెడగొట్టునది వానినే. ఘంటసాల పద్యమునందు ‘శ’ ‘స’గా వినబడినను, రెండును ఉమిసినట్లు వినబడినను, యంత్రమునందు దోషమున్నది. ఆ గాయకుని ఉచ్చారణను ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ విషయమున సందేహము కలుగదు. ‘వేదిక వెడల్పు’ను గూర్చి ఇద్దరు వాదింపవచ్చును, ‘శిరము’ ‘సిరము’గా పలికినదా లేదా అన్నచోట వాదమునకు తావులేదు.

ఈ పరీక్షను ప్లేటు మొదటనుగాక చివర చేయవలెను. ఎల్.పి. ప్లేటు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. వెలుపలి అంచున సూదిక్రింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగును. లోపలి కొసను సుమారు 21 మాత్రమే. అదే శకారమును సగముకంటె తక్కువ స్థలమున ఇముడ్చవలసి వచ్చుటచే అక్కడ స్వరము ఇరుకున పడును. భుజము ఒక కీలుపై తిరుగునది కావున సూది ప్లేటంతటను ఒకే కోణమున నిలువజాలదు. రెండు చోట్ల మాత్రమే సరిగ నిలుచును. ఆ రెండు చోట్లు ఎక్కడ నుండవలెనో 1938లోనే స్వీడను దేశీయుడు లోఫ్‌గ్రెన్ లెక్కగట్టెను. కాగితముపై అచ్చువేసిన కొలబద్ద యొకటి చాలును, సరిదిద్దుకొనుటకు. మన పాటలో పతాకస్థాయి చివరనే వచ్చును. పద్యము చివరి రాగాలాపన, కృతి చివరి కల్పనస్వరములు, హరికథలో ముక్తాయింపు, ఇవన్నియు గాడి మిక్కిలి ఇరుకైన చోటనే పడుచున్నవి. ప్లేటు మొదటి రెండు నిమిషములు విని యంత్రమును మెచ్చుకొనువారు ఈ సంగతి తలపరు.

శ్రుతి సంగతి ఇంతకంటెను ముఖ్యము. అమెరికాలోని బిడ్డలు తెచ్చియిచ్చిన టర్నుటేబిళ్ళు నేడు మన యిండ్ల పెక్కింట నున్నవి. అచ్చట విద్యుత్తు 110–120 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు. ఇచ్చట 230 వోల్టులు, 50 ఆవృత్తులు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కొని వోల్టులు తగ్గించుకొన్నచో పని తీరినదని చాలమంది తలతురు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులనే మార్చును గాని ఆవృత్తులను మార్చదు. విద్యుత్తు ఆవృత్తిని బట్టి తిరుగు మోటారు గల యంత్రమైనచో 33⅓కు బదులు సుమారు 28 చుట్లే తిరుగును. అయిదవ శ్రుతిలో పాడిన గాయని మూడవ శ్రుతికి దిగును, కాలము విలంబమగును. గంభీరముగ నున్నదని మెచ్చుకొనువారును ఉందురు! మోటారు కప్పీని మార్చినచో ఇది సరియగును. టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 వంటి, స్వంత స్ఫటిక నియంత్రణ గలవానికి ఈ బాధ లేదు. అవి ఇరుగుపొరుగు విద్యుత్తుతో నిమిత్తము లేక తమ వేగమును తామే నిలుపుకొనును. పరీక్షించుకొనుటకు గీతల చక్రమొకటి గలదు. మన 50 ఆవృత్తుల దీపపు కాంతిలో 180 గీతల చక్రము కదలక నిలిచినట్లు కనబడినచో వేగము సరియే. ఇంత సులభమైన పరీక్షను చేయకయే వేలకొలది రూప్యములు పోసి కార్ట్రిడ్జి మార్చుటను ఏమనవలెను?

78 చుట్ల పాత ప్లేట్ల విషయమున ఈ లోపము కేవలము రుచిభేదము కాదు, నష్టము. రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో ఇవి తరచు కనబడును. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో జన్మించినది బెంగుళూరున. బెంగుళూరు నాగరత్నమ్మగారి పేరుననే ఈ నగరమున్నది. వారి నాదము మనకు మిగిలినది లక్కప్లేట్లపై, మూడేసి నిమిషముల తునకలుగ. ఆ లక్క మన దేశపుదే. ప్రపంచపు గ్రామఫోను కర్మాగారములకు ఇచ్చటినుండి ఎగుమతి యయ్యెను. ఆ ప్లేటు గాడి ఎల్.పి. గాడికి సుమారు మూడురెట్లు వెడల్పు. ఎల్.పి. సూదిని దానిపై నుంచినచో గోడలనంటక గాడి అడుగున పొరలాడి గరగర మాత్రము వినిపించును. వెడల్పయిన సూది వేరుగ దొరకును. అరిగిన ప్లేటునకు మరికొంత వెడల్పు సూది తగిలించినచో అది పాత ముల్లు తాకని పైగోడనంటి, ఆశ్చర్యకరముగ స్వచ్ఛమైన ధ్వనినిచ్చును. ఎల్.పి.ల కొరకు 1954లో ఏర్పడిన సర్వసమ్మతమైన స్వరసమీకరణము వీనికి చెల్లదు. దానితో విన్నచో పైస్థాయి మొద్దుబారును.

78 అనునది పేరు మాత్రమే యని మరువరాదు. తొలినాటి ప్లేట్లు డెబ్బది పైచిలుకు వేగములలో పలువిధములుగ ముద్రితములైనవి. 74 చుట్లలో పాడినదానిని 78లో విన్నచో శ్రుతి దాదాపు అర్ధస్వరము హెచ్చును. గాయకుని కంఠము పలుచబడును, గమకము తొందరపడును. ఆ విధముగ విని, ‘ఆనాటివారు హడావుడిగ పాడుచుండిరి’ అని విమర్శ వ్రాసినవారును కలరు. ఇపుడు ఆ ప్లేట్లను కంప్యూటరున కెక్కించు పనిలో మన యువకులు కొందరు శ్రద్ధ వహించుచున్నారు. వారు ఏ వేగమున నెక్కింతురో ఆ వేగమే రేపటికి ప్రమాణమగును. ప్లేటు పగిలిన పిదప సరిజూచుటకు మూలముండదు.

అసలు వేగము కనుగొనుట కష్టమే. వీణకు, వయొలీనునకు నియతశ్రుతి లేదు. ఎచ్చట కావలసిన అచ్చట కట్టుకొందురు. అయితే రంగస్థల పద్యముల ప్లేట్లలో ఒక సాక్షి కలదు, హార్మోనియము. దాని మెట్లు ముందే కుదిరినవి, వాయించువాడు మార్చజాలడు. ప్లేటు తిరుగుచుండగా ఆధారశ్రుతి రెండు మెట్ల నడుమ పడినచో వేగమును అనుమానింపవచ్చును. మెట్టుపైకి వచ్చువరకు వేగమును జరిపి, పద్యమును మొదటినుండి వినవచ్చును. పాత హార్మోనియములన్నియు ఒకే ప్రమాణమునకు కట్టినవి కావు గనుక ఇది తుది నిర్ణయము కాదు. కాని గుడ్డిగా 78 అనుటకంటె మేలు. గమకములకు పనికిరాదని 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి గడప నెక్కనీయని వాద్యమిది.