కుసి దిగని స్తంభం

2015 ఏప్రిల్ 25, శనివారం. మధ్యాహ్నం కావస్తుండగా నేపాల్ భూమి కంపించింది. తీవ్రత 7.8. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. కాఠ్మాండూ నడిబొడ్డున ఉన్న కాష్ఠమండపంలో ఆ పూట రక్తదాన శిబిరం నడుస్తోంది. నగరానికి పేరిచ్చిన ఆ చెక్క మండపం చూస్తుండగానే కుప్పకూలి, నెత్తురు దానం చెయ్యడానికి వచ్చినవాళ్లలో కొందరిని పొట్టన పెట్టుకుంది.

పాత గుడులు కూలినప్పుడల్లా వినిపించే మాటే అక్కడా వినిపించింది: మట్టి అడుసు, కర్ర దూలాలు కూలక ఏంచేస్తాయి, ఈసారి సిమెంటు పోసి గట్టిగా కడదాం అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కాష్ఠమండపం పునాది తవ్విచూస్తే బయటపడింది వేరే సంగతి.

బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ కనింగ్‌హామ్, నేపాల్ పురావస్తు శాఖ మాజీ అధిపతి కోష్ ప్రసాద్ ఆచార్య బృందం ఆ తవ్వకాలు జరిపింది. మండపం పన్నెండో శతాబ్దానిదని అప్పటిదాకా అనుకునేవారు. పునాది మాత్రం ఏడో శతాబ్దం నాటిదని తేలింది. తొమ్మిది గళ్ల మండలం ఆకారంలో పేర్చిన ఆ ఇటుక గోడలు భూకంపానికి చెక్కుచెదరలేదు. మరి పైన కట్టడం ఎందుకు పడిపోయింది? దాని బరువంతా మోసేవి మధ్యనున్న నాలుగు పెద్ద స్తంభాలు. ఒక్కో స్తంభం అడుగున ఉన్న కుసి, పీఠం రాయిలోని బెజ్జంలో బిగిసి కూర్చోవాలి. నాలుగింటిలో ఒకటి అలా కూర్చోలేదు. 1960ల్లో మరమ్మతులు చేసినప్పుడు ఆ స్తంభాన్ని దాని రాతిలో దించకుండానే పైన నేల పరిచేశారు. శతాబ్దాలు నిలిచిన కట్టడానికి ముప్పు తెచ్చింది పాత వడ్రంగం కాదు, ఆ పని తెలియని మరమ్మతు.

కాఠ్మాండూ లోయలో తరతరాలుగా ఇలాంటి కట్టడాలు కడుతూ వచ్చిన నేవార్ల పనితనం దగ్గరగా చూస్తేగానీ ఈ మాట బరువు తెలియదు. దూలాన్ని స్తంభానికి కలిపేది ఇనుప మేకు కాదు, చుకుల్ అనే కర్ర చీల. నేల ఊగితే అతుకు కాస్త సడలి, కదిలి, మళ్లీ సర్దుకుంటుంది. కర్ర సాల వృక్షానిది. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో గుగ్గిలం చెట్టంటారే, అదే. గోడ ముఖానికి వాడే ఇటుక పేరు దాచీ అప్ప. ముందువైపు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్కపక్కన పేరిస్తే ముందు అంచులు వెంట్రుకవాసి సందు లేకుండా కలుస్తాయి, అడుసంతా వెనక దాగిపోతుంది. గోడ ముందు నిలబడి చూసేవాడికి ఎర్రటి పలక ఒక్కటే ఉన్నట్టుంటుంది.

ఈ పద్ధతిలో లోపమే లేదనడం అబద్ధం. బయటి ఇటుక వరసకీ లోపలి గోడకీ మధ్య కట్టు సరిగా లేకపోతే, భూమి ఊగినప్పుడు బయటి పొర ఊడి పడుతుంది. కప్పు పెంకులు కదిలి నీరు దిగితే దూలం కొస లోలోపలే పుచ్చిపోతుంది. అందుకే ఈ కట్టడాలకు ఏటేటా చూసే మనుషులు కావాలి. అలా కనిపెట్టుకుని ఉన్నచోట ఫలితమూ కనిపిస్తుంది. అదే లోయలోని భక్తపూర్‌లో 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల గుడి 1934 భూకంపాన్నీ, 2015 భూకంపాన్నీ తట్టుకుంది. పై అంతస్తుకి దెబ్బ తగిలిందే తప్ప గుడి నిలిచింది.

2015 భూకంపంలో కూలినవాటిని తిరిగి కట్టేటప్పుడు అసలు చిక్కు టెండర్ దగ్గర మొదలైంది. తక్కువకు పాడినవాడికే పని అన్నది రోడ్డుకి పనికొస్తుందేమో, నగిషీ చెక్కిన తలుపుకి పనికిరాదు. 1670లో రాజు ప్రతాప మల్ల కాఠ్మాండూలో తవ్వించిన రాణీ పోఖరీ చెరువునీ, నడుమనున్న గుడినీ బాగుచేసే పనిలోకి కాంక్రీటు వచ్చిచేరింది. స్థానికులు ఒప్పుకోలేదు, వీధిలోకొచ్చి పోరాడి పని ఆపించారు. చివరికి గుడిని మల్లరాజుల కాలం నాటి శిఖర శైలిలోనే తిరిగి కట్టి, 2020లో చెరువును తిరిగి ప్రారంభించారు. అదే భూకంపంలో కూలిన ధరహరా గోపురం విషయంలో మాత్రం కాంక్రీటే నెగ్గింది. పాతదాని మొండెం పక్కనే కొత్త గోపురం లేచింది. ఎత్తుంది, లిఫ్టుంది, ఊరితో చుట్టరికం లేదు.

కాఠ్మాండూ పక్కనే ఉన్న పాటన్‌లో కథ వేరేగా నడిచింది. గుడులు కూలిన రోజునే ఊరి జనం, పోలీసులు, సైనికులు శిథిలాల్లోంచి చెక్కిన కర్రముక్కలన్నీ ఏరి, దొంగల చేతికి పోకుండా రాజభవనం ఆవరణలో భద్రపరిచారు. ఆ తర్వాత కాఠ్మాండూ లోయ పరిరక్షణ ట్రస్టు వాటిని ఒక్కొక్కటిగా సరిపోల్చుకుంటూ చార్ నారాయణ్, హరిశంకర్ గుడులను లేపింది. పుచ్చిన మేరకే కోసి, అక్కడ కొత్త కర్ర అతికించి, తరతరాలుగా ఆ పనే చేస్తున్న శిల్పకార్ల చేత చెక్కించింది. ఒకే చూరు ఊతలో నల్లబడిన పాత కర్రా, లేత రంగు కొత్త కర్రా పక్కపక్కనే కనిపిస్తాయి. దాచిపెట్టకుండా చేసిన ఆ అతుకంత నిజాయతీ చాలా పునర్నిర్మాణాల్లో ఉండదు. భక్తపూర్ పురపాలక సంఘమైతే కాంట్రాక్టర్లను పక్కనబెట్టి వాడకందారుల సంఘాలకే పనులు అప్పగించింది; జర్మనీ ఇస్తానన్న భారీ సాయాన్ని కూడా షరతులు నచ్చక వద్దంది. కాష్ఠమండపానికి కూడా స్థానికులు పట్టుబట్టి సంప్రదాయ పద్ధతినే సాధించుకున్నారు. అది 2022లో మళ్లీ తెరుచుకుంది.

ఈ పట్టుదల వెనక గుఠీలున్నాయి. మన గుడి మాన్యాల వంటివే అవి: భూమి మీద వచ్చే ఆదాయంతో జాతరలు చెయ్యాలి, కప్పు మీద మొలిచిన గడ్డి పీకాలి, విరిగిన పెంకు మార్చాలి. 1964 చట్టంతో చాలా గుఠీ భూములు ప్రభుత్వ సంస్థ కిందికి పోయాయి, మరమ్మతులు చూసే చేతులు బలహీనపడ్డాయి. 2019 జూన్‌లో ప్రభుత్వం గుఠీల మీద కొత్త బిల్లు తెచ్చేసరికి కాఠ్మాండూ వీధులు వేలాది జనంతో నిండిపోయాయి. బిల్లు వెనక్కి పోయింది. నగరాన్ని తిరిగి కట్టడమంటే మొదట ఈ బాధ్యతను తిరిగి నిలబెట్టడం. అది లేకుండా ఎంత అందంగా కట్టినా యాభై ఏళ్ల తర్వాత మరో స్తంభం కుసి దిగకుండా మిగిలిపోతుంది.

పశుపతినాథుని దర్శనానికి ఏటా ఎందరో తెలుగువాళ్లు వెళ్తుంటారు. దర్శనం కాగానే విమానాశ్రయం దారి పట్టకుండా ఒక పూట పాటన్‌కీ, ఒక పూట భక్తపూర్‌కీ ఇవ్వండి. భక్తపూర్ ద్వారం దగ్గర టికెట్ అడిగితే విసుక్కోకండి. పర్యాటకుల దగ్గర వసూలు చేసే ఆ సొమ్ముతో ఆ ఊరు తన గుడులను బాగుచేసుకుంటోంది.