గిటార్ సరే, మాట ఎవరిది?

రాక్ సంగీతం అంటే మన ఇండ్లలో పెద్దవాళ్లు "ఆ అరుపులా?" అంటారు. పిల్లలేమో ఇంగ్లీషులో ఉంటేనే అది రాక్ అనుకుంటారు. ఈ రెండు మాటలూ నాకు ఒప్పవు. ఒక పాట ఎవరి ఊరిని, ఎవరి మాటను మోస్తోందో చూసి దాన్ని తూచాలని నా అభిప్రాయం. ఆ తూకంతోనే నేను విన్న కొన్ని పాటల గురించి రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. 'ఆల్టర్నేటివ్ రాక్' అనే పేరు 1980లలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. పెద్ద కంపెనీలు అమ్మే పాటలు కాకుండా, చిన్న కంపెనీల రికార్డుల్లోనూ కాలేజీ రేడియోల్లోనూ వినబడే పాటలను అట్లా పిలిచినారు. 1991లో నిర్వాణ బృందం 'నెవర్‌మైండ్' ఆల్బమ్ తెచ్చాక అది ప్రపంచమంతా పాకింది. ఆ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ పుట్టింది అబర్డీన్ అనే చిన్న ఊళ్లో. అది కలప మీద బతికిన ఊరు. మన కోవిల్‌పట్టికి అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి ఎట్లాగో దానికి కలప అట్లాగ. (అగ్గిపెట్టె అని రాస్తున్నాను గానీ మా ఇంట్లో అందరం తీపెట్టి అనే అంటాం.) పెద్ద నగరాలు పట్టించుకోని ఊరి విసుగు ఆ గొంతులో వినిపిస్తుంది.

ఇక గిటార్ మనకేమీ కొత్త కాదు. విరుదునగర్‌లో పంగుని పొంగల్ వచ్చినా, మన పక్క ఊళ్లలో కోవిల్ కొడై జరిగినా పాట కచేరి ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డు, బేస్ గిటార్ అన్నీ వస్తాయి. కానీ అవి వాయించేది సినిమా పాటలే, క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు. ఒక్క స్వరం మారినా జనం ఊరుకోరు. సొంత పాట కట్టుకునే బృందానికీ కచేరి బృందానికీ తేడా అక్కడే ఉంది. వాద్యాల్లో లేదు.

సొంతంగా చేసినవాళ్లలో నేను ఎక్కువసార్లు విన్నది బెంగళూరు 'అగం' బృందాన్ని. 2007లో సన్ టీవీ 'ఊ లలలా' పోటీలో ఏ.ఆర్. రెహమాన్ ముందు గెలిచింది వీళ్లే. 2012లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అనే పాట ఉంది. పేరు ఇంగ్లీషు, పాట మాత్రం త్యాగరాజస్వామి హంసనాద రాగంలో చేసిన 'బంటురీతి కొలువు' కృతి. తిరువయ్యారులో ఉండి తెలుగులో రాసిన కృతిని మలయాళీ అయిన హరీష్ శివరామకృష్ణన్ బెంగళూరులో ఎలక్ట్రిక్ గిటార్ పక్కన నిలబడి పాడితే మనం కోవిల్‌పట్టిలో వింటున్నాం. నాకు ఇది చాలా ఇష్టం.

అయినా ఒక ఫిర్యాదు ఉంది. ఆ కృతిలో భక్తుడు రాముణ్ణి బంటు ఉద్యోగం అడుగుతాడు. ఒంటి పులకరింతే కవచమట, రామనామమే కత్తి అట. కవచం, కత్తి వచ్చే చోట డ్రమ్స్ బాగా అతుకుతాయి, ఒప్పుకుంటాను. కానీ అతను చేసేది మనవి. గిటార్ పైకి లేచేసరికి ఆ మనవి ఎక్కడో పోతుంది. బంటు పని అడగడానికి వచ్చినవాడు సేనాపతి లాగా వినిపిస్తాడు. ఇంకొకటి, త్యాగరాజు తెలుగుకు గౌరవం ఎప్పుడూ ఉంది. పాడేవాళ్లకు కొదవ లేదు. ఇక్కడ మోత మాత్రమే కొత్తది.

హైదరాబాద్ 'చౌరస్తా' బృందం వాడుక మాటలతో పాడుతుంది. 'ఊరెళ్ళిపోతా మామా' వింటే కాళ్లు ఆగవు. కానీ అది పట్నంలో విసిగిపోయినవాడు ఊరిని తలచుకునే పాట. ఊళ్లోనే ఉన్నవాళ్లం మనం ఎక్కడికి వెళ్ళిపోవాలి?

ఈ లెక్కన నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తమిళ బృందం. దర్శకుడు పా. రంజిత్, సంగీత దర్శకుడు తెన్మా కలిసి మొదలుపెట్టిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' 2018 జనవరిలో చెన్నై కీల్పాక్కంలో మొదటి కచేరి చేసింది. వేదిక మీద గిటార్‌తో పాటు పరై ఉంది, గానా ఉంది. ఉత్తర చెన్నై జనం ఎట్లా మాట్లాడతారో అట్లాగే పాడినారు, దిద్దుకోలేదు. చావు ఇళ్ల ముందు పాడే గానాను, ఊరి అంచున నిలబెట్టిన పరైని వేదిక మధ్యకు తెచ్చినారు.

మన తెలుగును అట్లా ఎవరు తెచ్చినారు? పుస్తకంలో 'వచ్చాడు' అని చదువుతాం, ఇంట్లో 'వచ్చినాడు' అంటాం, వీధిలో తమిళం మాట్లాడతాం. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు మన మాట విని నవ్వుతారు. పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష కూడా తెలుగే. ఆయన కరిసల్ నేల మనుషుల మాటనే కథల్లో పెట్టి, 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. వలస వచ్చిన తెలుగువాళ్ల ఊరి కథ అది, రాసింది తమిళంలో. తెలుగులో మన మాటకు అట్లాంటి పుస్తకం గానీ పాట గానీ నా చెవిన పడలేదు.

విరుదునగర్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు గిటార్ నేర్చుకుంటున్నాడు. "నీకు మాటల పిచ్చి, రాక్‌కు మోతే ప్రాణం" అంటాడు. మోతే కావాలంటే మన దగ్గర ఉరుమి ఉంది. ఒక వైపు పుల్లతో కొట్టి, రెండో వైపు వంపు పుల్లతో రుద్దితే అది మూలుగుతుంది, గుర్రుమంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌ వాళ్లు డిస్టార్షన్ అనే పెట్టె పెట్టి తెప్పించే గరగర అది తోలు మీదే పలికిస్తుంది. తూత్తుకుడి జిల్లా జమీన్ కోడంగిపట్టిలో, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు దేవరాట్టం ఆడేది ఈ జాతి వాద్యానికే. దాన్ని దేవదుందుభి అంటారు. ఆ ఆటకు పాట లేదు. దరువుకే అడుగులు మారుతాయి, చేతిగుడ్డలు ఊగుతాయి.

నేను ఇంటి తెలుగులో రెండు చరణాలు రాసి, ఉరుమి వాయించే ఒక తాతకు చదివి వినిపించినాను. ఆయనకు మాటలు నచ్చినాయి. గిటార్ గురించి మాత్రం "ఆ కరెంటు పెట్టె నా ఉరుమిని మింగేస్తుంది కదా" అన్నాడు. ఉరుమి ముందు, గిటార్ వెనక అయితేనే వస్తాడట. అన్నకు చెప్పినాను. వాడు ఇంకా ఏమీ చెప్పలేదు.