పేరు లేనివని ఎవరన్నారు?

2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లోని 21 దీవులకు పరమవీర చక్ర పొందిన సైనికుల పేర్లు పెట్టారు. అప్పటిదాకా వాటికి పేర్లే లేవన్నారు. ఆ 21 పేర్లలో అబ్దుల్ హమీద్ పేరు కూడా ఉంది. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ పాటన్ టాంకుల్ని పేల్చేసి అక్కడే ప్రాణం వదిలిన హవల్దారు. 'మీవాడి పేరు కూడా పెట్టారు కదా, ఇంకేం కావాలి?' అనే మాట మాకు కొత్త కాదు. పైకి మెచ్చుకోలే. లోపల మాత్రం 'ఇక నోరు మూసుకోండి' అని ఉంటుంది. హమీద్ వీరత్వంతో మాకు పేచీ లేదు. మా పేచీ 'పేరు లేని' అన్న మాటతోనే.

ఎవరి లెక్కలో పేరు లేదు? సర్కారు పటంలో రాసి లేకపోతే లేనట్టేనా? ఆ దీవుల్లో మనుషులు వేల ఏళ్ళుగా బతుకుతున్నారు. చేపలు పట్టిన చోటికీ, మంచినీళ్ళు దొరికిన చోటికీ, చచ్చినవాళ్ళని పెట్టిన చోటికీ పేరు పెట్టుకోకుండా ఏ జనమైనా బతుకుతుందా? 1858లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఖైదీల వలస పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్ళ తుపాకులూ, తెచ్చిపెట్టిన రోగాలూ తినెయ్యగా ఇప్పుడు మిగిలింది యాభై మందికి అటూ ఇటూ. వాళ్ళ భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే ఆఖరి మనిషి, బోవా సీనియర్ అనే అవ్వ, 2010లో పోయింది. ఆమెతోపాటు ఎన్ని కొండల పేర్లు, ఎన్ని ఒడ్డుల పేర్లు మట్టిలో కలిశాయో! పేరు చెప్పగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనిపించుకునే వాళ్ళం మేం. పేరు పోవడమంటే ఏంటో మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఈ పని 2023లో మొదలైంది కాదు. 2018 డిసెంబర్ 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును నెత్తుటితో అణిచిన సేనాధిపతులు. అలహాబాదులో నీల్ మనుషుల్ని వరసపెట్టి ఉరి తీయించాడు. వాళ్ళ పేర్లు పోయినందుకు మాకు చీమంత దిగులు కూడా లేదు. పోవాల్సిందే. ఆ తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్ళని తోలింది ఆ దీవులకే కదా. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ని కూడా అక్కడికే పంపారు. మళ్ళీ హైదరాబాదు చూడకుండా అక్కడే పోయాడు. రేపు ఒక దీవికి ఆయన పేరు పెడతామన్నా మేం చప్పట్లు కొట్టం. ఆయన ఆ దీవికి సంకెళ్ళతో వెళ్ళాడు. అది ఆయన ఇల్లు కాదు, ఇంకొకరి ఇల్లు. నీల్ పేరు తుడిచిన చేయి ఆ ఇంటివాళ్ళని అడిగి కొత్త పేరు రాయాలి కదా. తెల్ల దొర పోయి నల్ల దొర వచ్చాడన్నట్టే ఉంది యవ్వారం.

ఒక్క పార్టీ చేసిందీ కాదు. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసను ఇంగ్లీషువాళ్ళు పిగ్మేలియన్ పాయింట్ అన్నారు. కాంగ్రెస్ హయాంలో 1980లలో అది ఇందిరా పాయింట్ అయింది. 2004 సునామీ రోజున ఆ నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీళ్ళలో నిలబడింది. సముద్రానికి ఏ పార్టీ పేరైనా ఒకటే.

దేశం దాటినా ఇదే కథ. అలాస్కాలో 20,310 అడుగుల కొండ ఒకటుంది. ఉత్తర అమెరికాలో దానికన్నా ఎత్తయింది లేదు. అక్కడి కొయుకాన్ జనం తమ భాషలో దాన్ని డెనాలి అంటారు, అంటే ఎత్తయినది. 1896లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన, తనకు నచ్చిన అధ్యక్ష అభ్యర్థి మెకిన్లీ పేరు దానికి తగిలించాడు. ఆ మెకిన్లీ అలాస్కాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. 1917లో చట్టమే ఆ పేరుకు ముద్ర వేసింది. 1975 నుంచీ అలాస్కా రాష్ట్రమే డెనాలి కావాలని అడుగుతుంటే, మెకిన్లీ సొంత రాష్ట్రం ఒహాయో నాయకులు నలభై ఏళ్ళు అడ్డుపడ్డారు. ఓట్లు అక్కడ, కొండ ఇక్కడ! చివరికి 2015లో ఒబామా ప్రభుత్వం డెనాలి అంది. 2025 జనవరి 20న, గద్దెనెక్కిన రోజే, ట్రంప్ మళ్ళీ మెకిన్లీ అన్నాడు. అమెరికా గొప్పతనాన్ని చాటే పేర్లను తిరిగి తెస్తున్నామని ఆ ఉత్తర్వు చెప్పుకుంది. కొయుకాన్ల పేరు ఆ గొప్పతనం లెక్కలోకి రాలేదన్నమాట.

కొండకి, దీవికి నాయకుడి పేరు పెడితే ఖర్చేమీ లేదు. ఒక ఉత్తర్వు, ఒక ఫలకం, నాలుగు ఫోటోలు. నేలమీది మనిషి అడిగేదానికి మాత్రం చాలా ఖర్చవుతుంది. సునామీ తర్వాత గ్రేట్ నికోబార్ నికోబారీలను కాంప్‌బెల్ బే దగ్గర కాలనీల్లో పెట్టారు. తమ పాత ఊళ్ళకు పోనివ్వమని వాళ్ళు అప్పటినుంచీ అడుగుతున్నారు. 2022లో అదే దీవి మీద పెద్ద ఓడరేవుకూ, విమానాశ్రయానికీ, కొత్త పట్నానికీ పర్యావరణ అనుమతి ఇచ్చేశారు. ఆ పాత ఊళ్ళు చింగెన్, పులోబాహా అని వాళ్ళు ఇప్పటికీ పేరుపెట్టి చెబుతున్నారు.