కెర్నెల్ మాడ్యూళ్లు: ఒక వాదపు వెలితి

లినక్స్ కెర్నెల్ సోర్సుతోపాటు లభించు వివరణ పత్రములలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన చిన్న వ్యాసమొకటి కలదు. కెర్నెల్ లోపలి పిలుపులను మార్పులేక నిలుపుమని కోరుట అర్థరహితమని దాని వాదము.

కంప్యూటరు యంత్రభాగములకును మనము వాడు ప్రోగ్రాములకును నడుమనుండి పని జరిపించునది కెర్నెల్. దానికి తగిలించు ముక్కలే మాడ్యూళ్లు. డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు కెర్నెల్‌ను వేరువేరు ఐచ్ఛికములతో కంపైల్ చేసి యిచ్చును. రైలులో నడుమ ఒక పెట్టె చేర్చినచో, నిన్న మన పెట్టె ఆగిన చోట నేడు వేరొకటి ఆగును గదా! ఐచ్ఛికము మారినపుడు కెర్నెల్ దత్తాంశములును అట్లే జరుగును. ఒక పంపిణీకై కంపైల్ చేసిన మాడ్యూలు వేరొకదానిలో పాత లెక్కతో వెదకి, మరొకరి సామానుపై చేయి వేయును. ఈ భాగమును వ్యాసము తేటగా వివరించినది, తరగతిలో చెప్పదగినది.

చిక్కు తరువాత వచ్చును. సోర్సు చేత నుండి, ప్రతి పంపిణీలోను అక్కడే కంపైల్ చేసికొన్నను సమస్య తీరదు. 2019లో వెలువడిన రెడ్ హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 కెర్నెల్ సంఖ్య 4.18. తరువాతి కెర్నెళ్లలోని మార్పులనెన్నిటినో ఆ సంఖ్యక్రిందనే చేర్చిరి. చీటీపై ఒక పేరు, సీసాలో వేరొక మందు! సంఖ్యనుబట్టి మాడ్యూలులో వ్రాసిన షరతులు అక్కడ తప్పును. క్రొత్త కెర్నెల్ వచ్చినప్పుడెల్ల మాడ్యూలును తనంతట కంపైల్ చేయు డీకేఎంఎస్ అను సాధనము సైతము కుదరని సోర్సును కుదర్చలేదు. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ వారు చీటీని నమ్మక, చిన్న చిన్న తునకలను కంపైల్ చేసి ఏది నెగ్గునో చూతురు; లిట్మసు కాగితము ముంచి చూచినట్లు. విచిత్రమేమన, అర్థరహితమన్న ఆ స్థిరత్వమునే రెడ్ హాట్ సంస్థ ఎన్నిక చేసిన కొన్ని పిలుపుల వరకు వాగ్దానము చేయుచున్నది. వ్యాసము ఈ సంగతి తడవదు.

మాడ్యూలును ప్రధాన కెర్నెల్‌లోనే చేర్పింపుడని వ్యాసకర్త సలహా. చేర్పగలవారికి ఇంతకన్న మంచి మార్గము లేదు. జీపీఎల్ అనుమతికి పొసగని మాడ్యూళ్ల కర్తలనో, ఆయన జలగలతో పోల్చెను. ఇది న్యాయముగా లేదు. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ సోర్సు అందరికిని తెరచియే యున్నది. దాని అనుమతిపత్రము మాత్రము వేరు. 2019లో 5.0 కెర్నెల్ వచ్చినపుడు, వేగముగా లెక్కలు కట్టుటకు అది వాడు పిలుపు జీపీఎల్ మాడ్యూళ్లకే పరిమితమైనది. ఆ పనిని దాని కర్తలు తామే వేరుగా వ్రాసికొనవలసివచ్చెను. క్రొత్త కెర్నెల్‌కు మాడ్యూలు కుదరనిచో, ఆ డిస్కులోని ఫైళ్లు మరునాడు తెరచుకొనవు. ఆ ఫైళ్ల యజమాని మాడ్యూలు వ్రాసినవాడు కాడు. అనుమతిపత్రమును ఎన్నుకొన్నవాడును కాడు.